న్యూజీలాండ్ దారుల్లో ప్రాణులు, కాపలాదారులు



మన ఊళ్ల నుంచి బయల్దేరి ఆక్లాండ్‌లో దిగిన ప్రయాణికుడికి విమానాశ్రయం దాటగానే తరచుగా ఎదురయ్యే పక్షి గోరింక. రోడ్డు పక్క పచ్చిక మీద దర్జాగా నడుస్తూ, పసుపుపచ్చ ముక్కుతో పురుగులు ఏరుకుంటూ ఉంటుంది. దాని దగ్గర్లోనే పిచ్చుకల గుంపు. కాస్త ముందుకు పోతే పార్కులో ఇంగ్లండు తోటల బ్లాక్‌బర్డ్. ఇన్ని సముద్రాలు దాటి వచ్చినా కంటికి కొత్త పిట్ట ఒక్కటీ తగలదు. వీటిలో ఏదీ న్యూజీలాండ్‌ది కాదు మరి. పంటల మీది పురుగుల్ని తింటుందన్న ఆశతో గోరింకను 1870వ దశకంలో తీసుకెళ్లి అక్కడ వదిలారు. పిచ్చుకల్నీ బ్లాక్‌బర్డ్‌లనూ అంతకు కొన్నేళ్ల ముందు ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాళ్లు ఓడల్లో తెచ్చుకున్నారు.

ఆ దేశపు సొంత పక్షులు ఏమైనట్టు? జేబులోంచి డబ్బు తీసి చూస్తే అవి అక్కడ కనిపిస్తాయి. అయిదు డాలర్ల నోటు మీద పసుపు కళ్ల పెంగ్విన్, పది డాలర్ల నోటు మీద నీలి బాతు, ఇరవై మీద డేగ, యాభై మీద కోకాకో, వంద మీద పసుపు తల మోహువా. నేల మీద మాత్రం అవి అంత సులువుగా దొరకవు. వాటిని చూడాలంటే పడవెక్కాలి, కంచె దాటాలి, కొండ దారులు పట్టాలి, చీకట్లో నడవాలి. అలా వెళ్లిన ప్రతిచోటా ఆ ప్రాణితో పాటు దాన్ని కాపలా కాసే మనిషి కూడా కనిపిస్తాడు. ఈ ప్రసంగం ఆ ఇద్దరి గురించి.

ముందుగా ఆ నేల కథ కొంత తెలియాలి. ఒకప్పుడు దక్షిణార్ధగోళంలో గోండ్వానా అనే మహాఖండం ఉండేది. దాని నుంచి న్యూజీలాండ్ భూభాగం సుమారు 8 కోట్ల ఏళ్ల కిందట విడిపోయింది. చిరుతలు, నక్కలు, కోతులు, జింకలు ఏవీ అక్కడికి చేరలేదు. నేల మీద తిరిగే పాలిచ్చే జంతువుల్లో ఆ దేశానికి మిగిలినవి గబ్బిలాలు మాత్రమే. దాంతో మిగతా జంతువులు చేయాల్సిన పనులన్నీ పక్షులు పంచుకున్నాయి. ఆకులు మేసే పని మోవాలది. వాటిలో తొమ్మిది జాతులు ఉండేవి, పెద్దవి మెడ చాస్తే మూడు మీటర్లు దాటేవి. వాటిని వేటాడే పని హాస్ట్ గద్దది. ప్రపంచంలో ఇంతవరకూ తెలిసిన గద్దలన్నిటిలోకీ అదే పెద్దది. రాత్రిపూట ఆకుచెత్తలో వానపాములు వెతికే పని కివీది. నేల మీద భయం లేకపోయేసరికి ఎన్నో పక్షులు ఎగరడం మానేశాయి.

శత్రువు ఆకాశంలోంచే వచ్చేవాడు, పైగా కంటిచూపుతో వేటాడేవాడు. కనుక ఆ పక్షులు నేర్చుకున్న ఆత్మరక్షణ ఒక్కటే: కదలకుండా ఉండిపోవడం. ఈకల రంగు నాచు రంగులో కలిసిపోతే గద్ద కళ్లకు దొరకవు. ఈ విద్య లక్షల ఏళ్లు పనికొచ్చింది. చీకట్లో వాసన పట్టి వచ్చే ఎలుక ముందు, పిల్లి ముందు, ముంగిస పోలికలో ఉండే స్టోట్ ముందు అది చావుకు దారితీసింది. గూటిలో బిగుసుకుని కూర్చున్న తల్లిపక్షిని అవి నేరుగా ముక్కు చూపిన చోటికి వెళ్లి పట్టుకున్నాయి.

13వ శతాబ్దంలో పాలినీసియా దీవుల నుంచి మావోరీల పూర్వికులు పడవల్లో వచ్చారు. వాళ్లతో కియోరె అనే చిన్న ఎలుక, కురీ అనే కుక్క దిగాయి. ఒకటి రెండు శతాబ్దాల్లోనే మోవాలు అంతరించాయి. తిండి కరువై హాస్ట్ గద్ద కూడా పోయింది. 1769లో కెప్టెన్ కుక్ ఓడ వచ్చింది. తర్వాత వచ్చిన యూరప్ ఓడలు పెద్ద ఎలుకల్ని, పిల్లుల్ని దించాయి. ఉన్ని కోసం, వేట సరదా కోసం ఇంకెన్నో జంతువుల్ని తెచ్చారు. ఆస్ట్రేలియా నుంచి పాసమ్‌లు వచ్చాయి. కుందేళ్లు పెరిగి గడ్డి మొత్తం మేసేస్తుంటే వాటిని తినడానికని 1880వ దశకంలో స్టోట్‌లను తెచ్చి వదిలారు. పక్షుల సంగతి తెలిసినవాళ్లు అప్పుడే వద్దన్నారు, ఎవరూ వినలేదు. హుయియా అనే నల్లని అందమైన పక్షి చివరిసారి ఖాయంగా కనిపించింది 1907లో. స్టీఫెన్స్ దీవిలో లైట్‌హౌస్ కట్టాక అక్కడ పిల్లులు చేరాయి. ఎగరలేని ఒక చిన్న పిట్ట ఆ దీవిలో ఉందని శాస్త్రలోకానికి 1894లో తెలిసింది. కొద్దికాలానికే అది లేకుండా పోయింది.

కుక్ ఓడలో వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ 1770 జనవరిలో దక్షిణ దీవి ఉత్తర కొసన, క్వీన్ షార్లట్ సౌండ్‌లో ఒక తెల్లవారుజామున పక్షుల పాటకు నిద్రలేచాడు. ఓడ తీరానికి పావు మైలు దూరంలో ఉంది. అంత దూరానికీ అడవి మొత్తం పాడుతున్నట్టు వినిపించిందని తన దినచర్యలో రాసుకున్నాడు. రేడియో న్యూజీలాండ్ ఉదయం వార్తలకు ముందు ఈనాటికీ ఒక స్వదేశీ పక్షి కూత వినిపిస్తుంది. నగరాల్లో పుట్టి పెరిగిన పిల్లలకు కొన్ని పక్షులు మొదట పరిచయమయ్యేది ఆ గొంతుతోనే.

ఆ పాట ఇప్పుడు ఎక్కడ వినిపిస్తుంది? ఆక్లాండ్ రేవు నుంచి పడవెక్కితే గంటకు పైగా ప్రయాణంలో తిరితిరి మతాంగి అనే చిన్న దీవి వస్తుంది. విస్తీర్ణం 220 హెక్టార్లు. వందేళ్లకు పైగా గొర్రెలు, పశువులు మేసి ఆ దీవి బోడిదిబ్బ అయిపోయింది. 1984 నుంచి 1994 వరకు సామాన్య జనం సెలవురోజుల్లో పడవల్లో వచ్చి అక్కడ సుమారు 2,80,000 మొక్కలు నాటారు. బడిపిల్లలు, ఉద్యోగులు, పదవీ విరమణ చేసినవాళ్లు అందరూ వచ్చారు. 1993లో కియోరె ఎలుకల్ని పూర్తిగా తొలగించారు. అడవి ఎదుగుతూ ఉంటే ఇతర దీవుల నుంచి ఒక్కొక్క పక్షిజాతినే తెచ్చి వదిలారు.

ఈ దీవికి వెళ్లేముందు ప్రయాణికుడి సంచి విప్పించి చూస్తారు. చెప్పుల అట్టల్లో మట్టి ఉందా, సంచి మడతల్లో గింజలున్నాయా, చీమలున్నాయా, ఎలుకపిల్ల ఏదైనా దూరిందా అని వెతకమంటారు. నిజానికి ఈ తనిఖీ ఆక్లాండ్ విమానాశ్రయంలోనే మొదలవుతుంది. ఊరగాయ జాడీ, కరివేపాకు, పూజకు పెట్టుకున్న గింజలు, పండ్లు, నడక బూట్లు అన్నీ చెప్పి చూపించాల్సిందే. చెప్పకుండా దాస్తే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్లే మన పెద్దవాళ్లకు ఈ పట్టింపు మొదట విసుగు పుట్టిస్తుంది. ఒక్క గర్భంతో ఉన్న ఎలుక దీవిలో దిగితే పదేళ్ల శ్రమ నేలపాలవుతుందని తెలిసినప్పుడు ఆ అధికారి అడిగే ప్రతి ప్రశ్నకూ అర్థం కనిపిస్తుంది.

పడవ దిగి చెట్ల నీడలోకి నడిచిన కొన్ని నిమిషాల్లోనే తియేకే ఎదురవుతుంది. నల్లని ఒంటి మీద జీను వేసినట్టు ఇటుకరంగు పట్టీ, ముక్కు పక్కన వేలాడే ఎర్రటి లోలకులు. ఈ జాతికి దక్షిణాన ఉన్న చుట్టం ఒక దశలో బిగ్ సౌత్ కేప్ అనే ఒకే ఒక్క ద్వీప ప్రాంతంలో మిగిలింది. 1960వ దశకం మొదట్లో అక్కడికి చేపల పడవల నుంచి ఎలుకలు చేరాయి. 1964లో వన్యప్రాణి శాఖవాళ్లు వెళ్లి 36 పక్షుల్ని పట్టి, ఎలుకలు లేని చిన్న దీవులకు తరలించారు. ఆ ఒక్క తరలింపుతో జాతి నిలబడింది. అదే దీవిలో ఉన్న ఒక రెన్ పిట్ట, ఒక స్నైప్ పక్షి, ఒక పెద్ద గబ్బిలం దక్కలేదు. దీవి మీద ఎలుకలు ఒక పక్షిజాతినే తుడిచిపెట్టగలవని అంతవరకు చాలామంది శాస్త్రవేత్తలే నమ్మలేదు. ఆ సంఘటన తర్వాత ఎవరికీ అనుమానం మిగల్లేదు.

తిరితిరి మతాంగిలో పొద్దున్నే కొండ ఎక్కితే యాభై డాలర్ల నోటు మీది కోకాకో గొంతు వినిపిస్తుంది. బూడిదరంగు పక్షి, నీలి లోలకులు. ఎక్కువగా ఎగరదు. కొమ్మ నుంచి కొమ్మకు బలమైన కాళ్లతో గెంతుతుంది. ఆడా మగా జంటగా పాడతాయి. పిల్లనగ్రోవి ఊదినట్టు ఒక్కో స్వరాన్నీ సాగదీసి, మధ్యలో ఆపి, మళ్లీ అందుకుంటాయి. పక్కన తీపినీళ్ల గిన్నె కట్టిన చోట హిహి అనే చిన్న పక్షులు వాలుతుంటాయి. 19వ శతాబ్దం చివరికి ప్రపంచం మొత్తంలో హిహి మిగిలింది హౌతురు అనే ఒకే ఒక్క దీవిలో. ఇప్పుడు అది ఇలా పలుచోట్ల రెక్కలాడిస్తోంది.

దీవి చుట్టూ సముద్రం ఉంటుంది కనుక ఎలుకను ఆపడం కుదిరింది. నగరం నడిబొడ్డున ఎలా? రాజధాని వెల్లింగ్‌టన్‌వాళ్లు దీనికి ఒక జవాబు కనిపెట్టారు. ఊరికి నీళ్లిచ్చిన పాత జలాశయాల లోయ, 225 హెక్టార్లు, కరోరీ అనే పేటలో ఉంది. దాని చుట్టూ 1999లో 8.6 కిలోమీటర్ల కంచె కట్టారు. ఎత్తు రెండు మీటర్ల పైన. అడుగున భూమిలోకి వల దించారు, ఎలుక తవ్వలేదు. పైన గుండ్రటి రేకు టోపీ పెట్టారు, పిల్లి ఎక్కలేదు. లోపల ఉన్న వేటాడే జంతువుల్ని తీసేశారు. జీలాండియా అనే ఆ వనంలోకి ఇవాళ సిటీ బస్సు దిగి నడిచి వెళ్లొచ్చు.

అక్కడ ఎండపట్టున రాతి పక్కన కదలకుండా కూర్చున్న తువతారాను చూసి చాలామంది బల్లి అనుకుంటారు. అది బల్లి కాదు. డైనోసార్ల కాలంలో విస్తరించిన ఒక సరీసృపాల శాఖకు ఈ భూమ్మీద మిగిలిన ఒకే ఒక్క వారసురాలు. నెత్తి మీద చర్మం కింద మూడో కన్ను లాంటి అవయవం ఉంటుంది. వందేళ్లు దాటి బతుకుతుంది. ఇన్వర్‌కార్గిల్ మ్యూజియంలో ఉండే హెన్రీ అనే తువతారా 2009లో, నూట పదేళ్లు పైబడిన వయసులో తండ్రయింది. గుడ్లు పొదిగే నేల వెచ్చబడితే మగపిల్లలే ఎక్కువగా పుడతాయి. అందుకే వాతావరణ మార్పు ఈ జీవికి ఎలుకకు సమానమైన ముప్పు.

జీలాండియాలో 2002 నుంచి కాకా అనే పెద్ద చిలుకల్ని వదిలారు. వాటికి కంచె అడ్డం కాదు. అవి పెరిగి ఊరంతా పరుచుకున్నాయి. ఇప్పుడు వెల్లింగ్‌టన్ వీధుల్లో ఆఫీసుకు వెళ్లేవాళ్ల తలల మీదుగా సాయంత్రాలు కాకాలు అరుస్తూ పోతాయి. వందేళ్లు ఆ ఊరు ఎరగని దృశ్యం అది. బయటికి వచ్చిన పక్షులు బతకాలంటే ఊళ్లోనూ ఎలుకలు తగ్గాలి కదా. దాంతో వేలమంది తమ పెరట్లో బోనులు పెట్టడం మొదలుపెట్టారు. 2022 నవంబరులో కేపిటల్ కివీ అనే ప్రాజెక్టువాళ్లు నగరం పడమటి కొండల్లో కివీలను వదిలారు. అక్కడ కంచె లేదు, వరుసగా వేలాది స్టోట్ బోనులే ఉన్నాయి.

జలసంధి దాటి దక్షిణ దీవిలో అడుగుపెట్టి తూర్పు తీరం వెంట దిగితే కైకౌరా. ఒక పక్క మంచు కొండలు, ఒక పక్క సముద్రం. ఒడ్డుకు అతి దగ్గరలోనే నీటి అడుగున వెయ్యి మీటర్లు దాటిన లోతుతో అగాధమైన లోయ ఉంది. స్క్విడ్‌లను వెతుక్కుంటూ స్పెర్మ్ తిమింగిలాలు ఆ లోయలోకి దిగుతాయి. ఏడాది పొడవునా అవి ఒడ్డుకు ఇంత దగ్గరగా ఉండే చోట్లు లోకంలో చాలా తక్కువ. అవి నీటిలో దారి వెతకడానికి టకటకమని శబ్దం చేస్తాయి. పడవవాళ్లు నీటిలోకి మైకు దించి, ఆ టకటక ఎటువైపు నుంచి వస్తోందో విని పడవ తిప్పుతారు. శబ్దం ఆగిందంటే తిమింగిలం పైకి వస్తోందని లెక్క. కొన్ని నిమిషాలు ఊపిరి తీసుకుని, తోక పైకెత్తి మళ్లీ మునుగుతుంది.

ఇదే ఊరు ఒకప్పుడు తిమింగిలాల వేటతో బతికింది. న్యూజీలాండ్‌లో ఆ వేట 1964లో ఆగింది. 1987లో కైకౌరాలోని మావోరీ కుటుంబాలు కొన్ని తమ ఇళ్లు తాకట్టు పెట్టి ఒక చిన్న పడవ కొన్నాయి, తిమింగిలాలను చూపించడానికి. ఊళ్లో అప్పుడు ఉద్యోగాలు లేవు. ఆ పడవ ఇప్పుడు ఒక పెద్ద సంస్థ అయింది. చట్టం ప్రకారం ఏ పడవా తిమింగిలానికి 50 మీటర్ల కంటే దగ్గరికి పోకూడదు. కైకౌరా కొండల మీద హటన్స్ షియర్‌వాటర్ అనే సముద్రపక్షి గుడ్లు పెడుతుంది. ఎగరడం నేర్చి సముద్రానికి బయల్దేరిన పిల్లలు పొగమంచు రాత్రుల్లో వీధిదీపాలకు కళ్లు చెదిరి రోడ్ల మీద పడిపోతాయి. ఊరివాళ్లు వాటిని ఏరి, అట్టపెట్టెల్లో పెట్టి, సంరక్షకులకు అప్పగిస్తారు.

కొండల్లోకి తిరిగితే కియా. ప్రపంచంలో మంచు కొండల మీద బతికే ఒకే ఒక్క చిలుక. ఆర్థర్స్ పాస్‌లోనో, మిల్ఫర్డ్ సౌండ్‌కు పోయే దారిలో హోమర్ సొరంగం దగ్గరో కారు ఆపితే చాలు, వచ్చి వాలుతుంది. నాచు రంగు ఒళ్లు, రెక్క కింద నారింజ మంట. అద్దం చుట్టూ ఉన్న రబ్బరు పీకుతుంది, సంచి జిప్పు లాగుతుంది, విడిచిన బూటు లేసు విప్పుతుంది. సొరంగం దగ్గర రోడ్డు పనివాళ్లు పెట్టిన నారింజ శంకువుల్ని ఇవి అటూ ఇటూ జరిపేస్తుంటే, వాటి ఆటకోసమే పక్కన వేలాడే ఊయలలు, నిచ్చెనలు కట్టి పెట్టారు.

ఈ ఆటగత్తెను చంపినవాడికి ప్రభుత్వమే డబ్బిచ్చిన రోజులున్నాయి. గొర్రెల వీపు మీద వాలి పొడుస్తుందన్న ఫిర్యాదుతో ఒక్కో ముక్కుకు ఇంతని వెలకట్టారు. ఆ బహుమతి ఎత్తేసిన 1970ల నాటికి లక్షన్నర పైగా కియాలు హతమయ్యాయని అంచనా. పూర్తి రక్షణ దొరికింది 1986లో. ఇప్పుడు కొన్ని వేలు మాత్రమే మిగిలాయి. పాత కొండ గుడిసెల కప్పుల్లోని సీసాన్ని కొరికి విషం ఎక్కి కొన్ని చస్తున్నాయి. ఆ సీసపు మేకుల్నీ రేకుల్నీ ఒక్కో గుడిసెకూ తిరిగి మార్చే స్వచ్ఛంద కార్యకర్తలున్నారు. ప్రయాణికుడి వంతు చిన్నది: చిప్స్ ముక్క చేతిలో ఉన్నా పెట్టకూడదు. మనుషుల దగ్గర తిండి దొరుకుతుందని మరిగిన కియా రోడ్డు వదలదు, కార్ల కింద పడుతుంది.

ఇంకా దక్షిణానికి, డునెడిన్ నగరం పక్కన ఒటాగో ద్వీపకల్పం కొసన తయారోవా హెడ్ ఉంది. రాయల్ ఆల్బట్రాస్ రెక్కలు చాస్తే మూడు మీటర్లు. జనం నివసించే ప్రధాన భూభాగం మీద అది గూడు పెట్టే చోటు లోకంలో ఇదొక్కటే. 1920లో ఇక్కడ మొదటి గుడ్డు కనిపించింది. తర్వాత ఏళ్ల తరబడి ఎవరో గుడ్లు ఎత్తుకుపోవడమో, కుక్కలు, ఫెర్రెట్లు పిల్లల్ని చంపడమో జరిగింది. లాన్స్ రిచ్‌డేల్ అనే ఉపాధ్యాయుడు అక్కడే గుడారం వేసుకుని గూటిని కనిపెట్టుకుని కూర్చున్నాడు. 1938లో ఒక పిల్ల క్షేమంగా ఎగిరి వెళ్లింది. ఆ తర్వాతే ఆ కాలనీ కుదురుకుంది.

ఆ కాపలా అక్కడితో ఆగలేదు. వేసవి ఎండ మండితే గూటిలో కూర్చున్న పక్షుల మీద ఇప్పటికీ సిబ్బంది నీళ్లు చిమ్మిస్తారు. పిల్ల బయటికి వచ్చే సమయంలో ఈగలు గుడ్లు పెట్టి పుండు చేస్తాయి కనుక, గుడ్డును తీసి ఇంక్యుబేటర్‌లో పెట్టి, తల్లి కింద బొమ్మగుడ్డు ఉంచుతారు. పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చాక తిరిగి అప్పగిస్తారు. ఎనిమిది నెలలకు పిల్ల ఎగురుతుంది. దక్షిణ అమెరికా తీరాల దాకా పోయి, కొన్నేళ్లపాటు నేల తాకకుండా సముద్రం మీదే తిరిగి, పుట్టిన కొండకొమ్ముకే వస్తుంది. గాలి వీచే రోజునే వెళ్లాలి. గాలి లేకపోతే అంత బరువైన పక్షి గడ్డి మీదే కూర్చుండిపోతుంది.

అదే తీరంలో అయిదు డాలర్ల నోటు మీది పెంగ్విన్ హోయిహో ఉంది. పొద్దంతా సముద్రంలో చేపలు పట్టి, సాయంత్రం పిల్లల కోసం ఒడ్డెక్కుతుంది. ఇసుకలో మనిషి నిలబడి ఉంటే ఎక్కదు, తిరిగి నీళ్లలోకి పోతుంది. గూటిలో పిల్లలు ఆకలితో రాత్రి గడుపుతాయి. ఫొటో కోసం ఇద్దరు ముగ్గురు ముందుకు నడిస్తే జరిగే నష్టం ఇది. వలల్లో చిక్కడం, రోగాలు, సముద్రం వేడెక్కడం వీటన్నిటితో ప్రధాన భూభాగం తీరంలో వాటి గూళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. ఫారెస్ట్ అండ్ బర్డ్ సంస్థ నడిపే ఏటి మేటి పక్షి పోటీలో 2024లో జనం ఓటేసింది హోయిహోకే. ఉత్తరాన ఓమారూ ఊళ్లో పాత రాతిక్వారీ దగ్గర చిన్న నీలి పెంగ్విన్‌లు చీకటి పడ్డాక గుంపులు గుంపులుగా ఒడ్డెక్కుతాయి. కిలో బరువు, జానెడు పైన ఎత్తు. అక్కడ కెమెరా బయటికి తీయనివ్వరు.

లోపలికి, తె అనౌ సరస్సు వైపు వెళ్తే తకాహే. మన చెరువుల తుంగలో తిరిగే ఊదారంగు నీటికోడికి ఇది దగ్గరి చుట్టం, కాకపోతే మూడు కిలోల బరువు, ఎగరలేదు. 1898 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనే రాసేశారు. ఇన్వర్‌కార్గిల్ వైద్యుడు జెఫ్రీ ఆర్బెల్ నమ్మలేదు. పాదాల గుర్తుల్ని, వినబడిన కూతల్ని పట్టుకుని వెతికి, 1948 నవంబరు 20న మర్చిసన్ కొండల్లో తకాహేలను కళ్లారా చూశాడు. ఆ కొండల్ని అప్పుడే మూసేసి పక్షులకు వదిలారు. ఇప్పుడు తకాహేలు 500 దాటాయి. 2023 ఆగస్టులో న్గాయ్ తాహు అనే మావోరీ తెగ తమ భూముల్లోని లోయలో 18 పక్షుల్ని వదిలింది. తిరితిరి మతాంగిలో సందర్శకుల కాళ్ల పక్కనే గడ్డి పీక్కుంటూ తిరిగేవీ ఇవే.

ఈ కథ వినే తెలుగువారికి కడప జిల్లా గుర్తుకు రావడం సహజం. అక్కడి కలివికోడి అనే పక్షి కూడా 1900 తర్వాత కనబడక పోయిందనుకున్నారు. 1986లో లంకమల కొండల ముంగిట, రెడ్డిపల్లె దగ్గరి ముళ్లపొదల్లో, ఆ నేల ఎరిగిన స్థానికుల సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు దాన్ని తిరిగి కనుగొన్నారు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పక్షి కోసం తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. అయినా తర్వాతి కాలంలో కలివికోడి కనిపించడమే అపురూపమైపోయింది. తిరిగి దొరికిన మర్నాటి నుంచి తకాహే వెంట మనుషులు విడవకుండా ఉన్నారు. గుడ్లు లెక్కపెట్టారు, పిల్లల్ని పెంచారు, వేరే దీవుల్లో కొన్నిటిని దాచారు. ఎన్నో పొరపాట్లూ జరిగాయి. 2015లో పూకెకో అనే నీటికోళ్లను తగ్గించడానికి పిలిపించిన వేటగాళ్లు పొరబడి నాలుగు తకాహేలను కాల్చేశారు. దేశం యావత్తూ బాధపడింది, నియమాలు మార్చుకుని పని కొనసాగించింది. కలివికోడికి కావలసింది ఇలాంటి విడవని పట్టుదలే.

దేశం అడుగుకొసన రకియూరా, అంటే స్టీవార్ట్ ఐలాండ్. జనాభా సుమారు 400. మనుషుల కంటే కివీలే ఎక్కువ. స్టోట్‌లు ఈ దీవికి చేరలేదు, అదే కారణం. రాత్రి గైడు వెంట ఎర్ర దీపం పట్టుకుని, గొంతు తగ్గించి, సముద్రపు ఒడ్డున నడుస్తారు. కొట్టుకొచ్చిన నాచులో ఇసుక పురుగుల కోసం కివీ ముక్కు దూరుస్తుంటుంది. మిగతా పక్షులకు ముక్కుపుటాలు ముక్కు మొదట్లో ఉంటే దీనికి కొసన ఉంటాయి, అందుకే వాసనతో తిండి వెతుకుతుంది. ఈకలు జుట్టులా వేలాడతాయి. ఆడ కివీ పెట్టే గుడ్డు తన బరువులో అయిదో వంతు. కివీలు అయిదు జాతులు. ప్రధాన దీవుల్లో కాపలా లేని అడవుల్లో పుట్టిన పిల్లల్లో వందకు తొంభై అయిదు పెద్దవి కాకముందే చస్తాయి, ఎక్కువ భాగం స్టోట్ నోట్లో. అందుకే 1990వ దశకం నుంచి గుడ్లను అడవిలోంచి తెచ్చి, పిల్లలు కిలో బరువు దాటి తమను తాము కాపాడుకోగలిగే దాకా పెంచి, తిరిగి వదిలే పద్ధతి నడుస్తోంది.

ఈ యాత్రలో ఎంత తిరిగినా కనిపించని పక్షి ఒకటి ఉంది, కాకాపో. లోకంలోకెల్లా బరువైన చిలుక, ఎగరలేదు, రాత్రి తిరుగుతుంది. అది ఉండే మారుమూల దీవులకు యాత్రికులను రానివ్వరు. 1894 నుంచి రిచర్డ్ హెన్రీ అనే మనిషి ఫియోర్డ్‌లాండ్ అడవుల్లోని కాకాపోలను వందలుగా పట్టి, తెడ్డు పడవలో రిజల్యూషన్ దీవికి చేర్చాడు. 1900లో ఒక స్టోట్ ఈదుకుంటూ అక్కడికి చేరింది. ఆయన శ్రమ మొత్తం కూలిపోయింది. 1970వ దశకంలో డాన్ మెర్టన్, ఆయన సహచరులు మళ్లీ వెతికి మిగిలినవాటిని పోగుచేశారు. 1995లో లెక్కకు 51. ప్రతి పక్షికీ పేరుంది, ఒంటి మీద రేడియో ట్రాన్స్‌మిటర్ ఉంది. రిము చెట్లు విరగకాసిన ఏడాదే అవి గుడ్లు పెడతాయి కనుక ఆ ఏడాదికి ముందే సిబ్బంది సిద్ధమవుతారు. 2022లో వాటి సంఖ్య 252కు చేరింది. ఇదే మెర్టన్ చాతమ్ దీవుల్లో అయిదు పక్షులు మాత్రమే మిగిలిన నల్ల రాబిన్‌ను, ఓల్డ్ బ్లూ అని పేరు పెట్టిన ఒక్క ఆడపక్షి గుడ్లను వేరే జాతి పిట్టల గూళ్లలో పొదిగించి నిలబెట్టాడు. ఇప్పుడున్న నల్ల రాబిన్‌లన్నీ దాని సంతతే.

2016లో ఆ దేశ ప్రభుత్వం ఒక పెద్ద మాట ఇచ్చింది: 2050 నాటికి ఎలుకలు, స్టోట్‌లు, పాసమ్‌లు లేని న్యూజీలాండ్. దీని మీద అక్కడ వాదాలు లేకపోలేదు. కొండ అడవుల్లో హెలికాప్టర్లతో చల్లే 1080 అనే విషాన్ని గట్టిగా వ్యతిరేకించేవాళ్లున్నారు. ఒక ప్రాణి కోసం ఇంకో ప్రాణిని చంపడమేమిటన్న ప్రశ్న మన ఇళ్లల్లోనూ పుడుతుంది. అయితే ఎలుకకు, స్టోట్‌కు బతకడానికి ఇతర ఖండాలున్నాయి. కాకాపోకు, తువతారాకు ఇంకో నేల లేదు. తెచ్చి వదిలినవాళ్లు మనుషులే కనుక ఆ భారం మోయాల్సిందీ మనుషులేనని అక్కడి సంరక్షకులు అంటారు. ఆ మాట కాదనడం కష్టం.

ఆక్లాండ్‌లో, వెల్లింగ్‌టన్‌లో, క్రైస్ట్‌చర్చ్‌లో ఇవాళ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సెలవులకు వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలు షాపింగ్ మాల్‌కు ముందు ఈ పక్షులకు ఒక రోజు కేటాయించవచ్చు. పాట బాగా వినాలంటే సెప్టెంబరు నుంచి నవంబరు దాకా, అక్కడి వసంతం మేలు. తిరితిరి మతాంగి పడవ అన్ని రోజులూ ఉండదు కనుక ముందే టికెట్టు తీసుకోవాలి. తాగునీళ్లు, భోజనం మూత బిగించిన డబ్బాల్లో పెట్టుకోవాలి, బూట్ల అడుగు ముందు రాత్రే బ్రష్షుతో శుభ్రం చేసుకోవాలి. మొక్కలు నాటే పనిలోనూ, బోనులు తనిఖీ చేసే పనిలోనూ స్వచ్ఛందంగా చేరే అవకాశం చాలా ఊళ్లలో ఉంది. అక్కడే పుట్టిన మన పిల్లలు మనవలు తాతయ్యను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి తియేకే, కోకాకో, తకాహే మూడింటినీ పేరు పెట్టి చూపించడానికి ఆ దీవిలో ఒక్క పగలు సరిపోతుంది.